‘ఆహారమే ఔషధం’ అని హిపోక్రటీస్ అన్నాడా? మాత్రలు మానేసిన నాన్నగారి కోసం

మీ ప్రశ్న చదివాను. మీ నాన్నగారికి 62 ఏళ్ళు, పన్నెండేళ్ళుగా షుగరు. గడ్డం ఉన్న రాతి విగ్రహం బొమ్మ కింద ‘ఆహారమే నీ ఔషధం, ఔషధమే నీ ఆహారం – హిపోక్రటీస్’ అని రాసినది ఎవరో ఆయన ఫోనుకి పంపారు. వైద్యానికి మూలపురుషుడే చెప్పాక ఇంక మాత్రలెందుకని మూడు వారాలుగా మానేశారు. ఆ మాట నిజంగా హిపోక్రటీస్‌దేనా, గ్రీకులు ఆరోగ్యం గురించి చెప్పినవాటిలో ఇప్పటికీ పనికొచ్చేవి ఉన్నాయా, మన వాత పిత్త కఫాలూ అవీ ఒకటేనా అని అడిగారు.

ముందు పని చెప్పి, తర్వాత మిగతావి మాట్లాడతాను. రేపు పొద్దున పరగడుపున రక్తపరీక్ష చేయించి, ఆ మాత్రలు రాసిన డాక్టరుగారి దగ్గరికి నాన్నగారిని తీసుకెళ్ళండి. ఏ మాత్ర ఎంత మోతాదులో మళ్ళీ మొదలుపెట్టాలో ఆయన్నే చెప్పనివ్వండి. ఈలోపు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, ఆయాసం, మగత – వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకండి. అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళండి.

నేను 34 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో జనరల్ మెడిసిన్ వార్డుల్లో పనిచేశాను, అందులో సగం కాలం వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పాను. రిటైరయ్యాక గ్రీకు వైద్యుల రాతల్ని ఇంగ్లీషు అనువాదాల్లో తీరిగ్గా చదువుకుంటున్నాను. అందుకే ఆ బొమ్మ చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్ళు అననిది వాళ్ళ నోట పెట్టి, వాళ్ళు నిజంగా చెప్పినదాన్ని పక్కన పడేశారు.

హిపోక్రటీస్ పేరు మీద మనకు దక్కిన గ్రంథాలు 60 దాకా ఉన్నాయి. ఆయన కాస్ అనే ద్వీపంలో క్రీస్తుపూర్వం 460 ప్రాంతంలో పుట్టాడు. ఆ గ్రంథాలన్నీ ఆయనొక్కడే రాసినవి కావు. ఎందరో వైద్యులు, ఒకరి మాట ఒకరు ఖండిస్తూ కూడా, రాసినవి ఒకచోట చేరి ఆయన పేరుతో నిలిచాయి. ఈ వాక్యం వాటిలో ఎక్కడా లేదు. దానికి కాస్త దగ్గరగా వచ్చే మాట పోషణ గురించిన ఒక చిన్న గ్రంథంలో ఉంది: ఆహారంలో మేలైన మందు ఉంది, ఆహారంలోనే చెడ్డ మందూ ఉంది, మంచిదా చెడ్డదా అనేది దేనికి అన్నదాన్ని బట్టి. చూశారా, ఆ రెండో సగం ఎంత ముఖ్యమో! అది తీసేస్తే మిగిలేది గోడ మీద రాసుకునే సూక్తి.

మీ నాన్నగారి జబ్బు గురించే గ్రీకులు ఏం రాశారో చెబుతాను. డయాబిటిస్ అన్న మాట వాళ్ళదే. ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి నీళ్ళు లాగే వంపు గొట్టం ఉంటుందే, సైఫన్, ఆ అర్థంలో వాడారు. తాగిన నీళ్ళు ఒంట్లో నిలవకుండా గొట్టంలోంచి జారినట్టు జారిపోతాయని. కపడోకియా ప్రాంతపు అరెటియస్ అనే గ్రీకు వైద్యుడు రోమన్ల కాలంలో దీన్ని వర్ణించాడు. కండ, కాళ్ళూ చేతులూ కరిగి మూత్రంలోకి పోతాయి, దాహం తీరదు, మూత్రం ఆగదు, బతికినన్నాళ్ళూ నరకం, అదీ ఎన్నాళ్ళో కాదు అన్నాడు. ఇన్సులిన్ పూర్తిగా అడుగంటిన మనిషిని చూసినవాళ్ళెవరికైనా ఆ వర్ణనలో అక్షరం మార్చాలనిపించదు. మరి అతను పెట్టిన పథ్యమో? పాలు, ధాన్యపు జావలు. షుగరు ఉన్నవాడికి గంజి తాగించడం ఏమిటని ఇప్పుడు మనకు తెలుసు. అతనికి తెలిసే దారి లేదు. మూత్రంలో తీపి ఉంటుందని మనవాళ్ళు పట్టుకుని మధుమేహం అని పేరు పెట్టారు కానీ, అరెటియస్ ఆ సంగతి రాయలేదు. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ కుర్రాడికి ఇన్సులిన్ ఎక్కించేదాకా అలాంటి రోగుల్ని ఏ తిండీ కాపాడలేకపోయింది. ‘ఆహారమే ఔషధం’గా షుగరును చూసుకున్న రోజులు నిజంగానే ఉన్నాయి. అప్పుడు ఏం జరిగేదో చూసిన గ్రీకు వైద్యుడే రాసి పెట్టాడు. నాన్నగారికి ఆ పేరా చదివి వినిపించండి.

అయితే గ్రీకుల దగ్గర మనకు పనికొచ్చేది ఏమీ లేదా అంటే, చాలా ఉంది. అది వాళ్ళ మందుల్లో లేదు, చూసే తీరులో ఉంది.

‘ఎపిడెమిక్స్’ అని ఏడు పుస్తకాలున్నాయి. పేరు చూసి అంటువ్యాధుల గురించి అనుకుంటారు. నిజానికి ఊరూరా తిరిగి వైద్యం చేసినవాళ్ళ నోటుపుస్తకాలవి. వాటిలో ఫిలిస్కస్ అనే మనిషి కేసు ఉంది. ఊరి గోడ పక్కన ఇల్లు అని మొదలవుతుంది. మొదటి రోజు తీవ్రమైన జ్వరం, చెమటలు. మూడో రోజు మధ్యాహ్నందాకా జ్వరం తగ్గినట్టే ఉండి, సాయంత్రానికి మళ్ళీ కాగిపోయింది. నాలుక పిడచగట్టింది, మూత్రం నల్లగా వచ్చింది, రాత్రంతా నిద్ర లేదు, సంధి మాటలు. ఐదో రోజు ముక్కులోంచి కొద్దిగా రక్తం. కాళ్ళూ చేతులూ చల్లబడి నీలం తిరిగాయి, ఎంత చేసినా వెచ్చబడలేదు. ఆరో రోజు తెల్లవారుజామున మాట పోయింది. మధ్యాహ్నం ప్రాంతంలో చనిపోయాడు. చివర్న ఇంకో రెండు ముక్కలు చేర్చాడు: ప్లీహం గుండ్రంగా ఉబ్బి చేతికి తగిలింది, మొదటినుంచీ ఊపిరి తీసుకోవడం గుర్తు తెచ్చుకుని తీసుకుంటున్నట్టుగా, అరుదుగా, పెద్దగా ఉంది.

‘గుర్తు తెచ్చుకుని తీసుకుంటున్నట్టుగా’. ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. ఆఖరి ఘడియల్లో ఉన్న మనిషి పక్కన నిలబడితే సరిగ్గా అలాగే అనిపిస్తుంది. ఊపిరి ఆగిపోతుంది, బంధువులంతా ఒక్కసారి ముందుకు వంగుతారు, అంతలో ఏదో మరిచిపోయింది గుర్తొచ్చినట్టు ఛాతీ పెద్దగా ఎగసిపడుతుంది. దీనికి 19వ శతాబ్దంలో ఇద్దరు డాక్టర్ల పేర్లు కలిపి చైన్–స్టోక్స్ శ్వాస అన్నారు. నేను ఏటా విద్యార్థులకు ఆ పేరు చెప్పేవాణ్ణి. ఫిలిస్కస్ పక్కన కూర్చున్నవాడి మాట ముందే తెలిసుంటే ఆ మాటే చెప్పేవాణ్ణి.

ఇంకో సంగతి. ఆ ఏడు పుస్తకాల్లో మొదటిది, మూడోది తీసుకుంటే మొత్తం 42 కేసులు. 25 మంది చనిపోయారు. బతికించినవాళ్ళ గురించి మాత్రమే రాసుకోవచ్చు కదా, రాయలేదు. ఇదే గ్రీసులో అప్పుడు ఆస్క్లిపియస్ అనే వైద్యదేవుడి ఆలయాలు కూడా ఉండేవి. ఎపిడారస్ గుడిలో రోగులు రాత్రి పడుకుని నిద్రలో దేవుడు కనిపించి నయం చేశాడని చెబితే, ఆ కథల్ని రాతి పలకల మీద చెక్కించారు. ఇప్పటికీ చదవొచ్చు. గుడ్డివాడికి చూపొచ్చింది, కుంటివాడు నడిచాడు. నయం కానివాడి కథ మాత్రం ఆ రాళ్ళ మీద కనిపించదు. మొక్కు తీరినవాళ్ళు మట్టితో చేసిన కాళ్ళు, చేతులు, కళ్ళు సమర్పించేవాళ్ళు, మన గుళ్ళలో వెండి కళ్ళు హుండీలో వేస్తారే, అలా. నేను భక్తిని తప్పుపట్టడం లేదు. గెలిచినవి మాత్రమే చెక్కే చోటా, ఓడినవి కూడా రాసుకునే చోటా రెండూ ఒకే కాలంలో ఉన్నాయి, వైద్యం ముందుకు కదిలింది రెండో చోటి నుంచి అంటున్నాను. మీ ఫోనుకి వచ్చే ‘షుగరు మాయమైంది’ వీడియోల్ని ఈ ఒక్క గీటురాయి మీద గీసి చూడండి: తగ్గనివాళ్ళ సంగతి అందులో ఎక్కడైనా చెబుతున్నారా?

ఇక మూర్ఛ రోగం. దీని గురించి చెప్పకుండా నేను గ్రీకుల మాట ముగించలేను.

1990ల్లో ఒక జిల్లా ఆసుపత్రిలో ఉండగా పదకొండేళ్ళ పిల్లని తీసుకొచ్చారు. ఫిట్స్ తగ్గాయి, ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉంది. కుడిచేతి పిడికిలి విప్పి చూస్తే తాళాల గుత్తి. ఇనుము పట్టిస్తే ఆగుతుందని పెట్టారు, తెలుగు దేశంలో ఎక్కడైనా పెడతారు. తాళంచెవి పళ్ళు అరచేతిలో దిగి ఎర్రటి గాట్లు పడ్డాయి. తల్లిని అడిగాను, వచ్చే ముందు ఏమైనా తెలుస్తుందా అమ్మా అని. ‘తెలుస్తుందండీ, ఆడుకుంటున్నది ఆడుకుంటున్నట్టే వదిలేసి పరిగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుంటది, పట్టుకున్నాక పడిపోతది’ అంది. నేను కేస్ షీట్లో ఆ మాట రాసుకున్నాను. మెదడులో ఒక చోట మొదలై తర్వాత అంతటా పాకే ఫిట్స్‌కి ముందు అలాంటి సూచన ఉంటుంది. స్కాన్ తీయిస్తే మెదడులో శనగగింజంత మచ్చ, బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే తిత్తి. మాంసం ముట్టని ఇళ్ళలోనూ కలుషితమైన నీళ్ళ వల్ల, కడగని కూరల వల్ల వస్తుంది.

చాలా ఏళ్ళ తర్వాత హిపోక్రటీస్ సంపుటాల్లో ‘పవిత్ర వ్యాధి’ అనే గ్రంథం చదివాను. ఆ రోజుల్లో మూర్ఛని దేవుడు పూనడం అనుకునేవాళ్ళు. ఆ రచయిత మొదటి వాక్యాల్లోనే, ఈ జబ్బు మిగతా జబ్బులకన్నా పవిత్రమైనదేం కాదు, దీనికీ ఒక సహజమైన కారణం ఉంది, తెలియక, విడ్డూరంగా తోచి దేవుడి మీద పెట్టారు అంటాడు. మంత్రగాళ్ళ జాబితా కూడా ఇస్తాడు: రోగి మేకలా అరిస్తే ఒక దేవత, గుర్రంలా సకిలిస్తే పొసైడన్, నురగ కక్కి కాళ్ళు తన్నుకుంటే ఏరీస్. మేక మాంసం తినకూడదు, మేక తోలు మీద పడుకోకూడదు, ఉల్లి, వెల్లుల్లి కూడదు, నల్లబట్ట కట్టకూడదు, కాలి మీద కాలు వేయకూడదు. దానికి ఇతని జవాబు చూడండి: మేకే కారణమైతే లిబియా లోపలి ప్రాంతాల జనం మేక తోలు మీదే పడుకుని మేక మాంసమే తింటారు కదా, వాళ్ళలో ఒక్కడూ ఆరోగ్యంగా ఉండకూడదే! కారణం మెదడులో ఉంది, మన సంతోషం, నవ్వు, ఏడుపు, భయం అన్నీ అక్కడినుంచే వస్తాయి అన్నాడు. నమ్మకపోతే ఈ జబ్బుతో చచ్చిన మేక తల కోసి చూడండి, మెదడు నీరుపట్టి, వాసన కొడుతూ కనిపిస్తుంది, అక్కడ దేవుడు కనపడడు, జబ్బు కనపడుతుంది అన్నాడు. గొర్రెల, మేకల మెదడులో బద్దెపురుగు తిత్తులు చేరి నీటిబుడగలు కట్టే జబ్బు ఉంది. అతను చూసింది బహుశా అదే. ఆ పిల్ల స్కాన్‌లో నేను చూసిన మచ్చకి దూరపు చుట్టం.

అదే గ్రంథంలో ఇంకో చోట, ఈ జబ్బు అలవాటైన పెద్దవాళ్ళు అది వస్తున్నట్టు తెలియగానే ఇంటికి పరిగెడతారు, ఇల్లు దూరమైతే ఎవరూ లేని చోటు చూసుకుని తల కప్పుకుంటారు, అది దేవుడి భయం కాదు, సిగ్గు అంటాడు. చిన్నపిల్లలు మొదట్లో ఎక్కడపడితే అక్కడ పడిపోతారు. నాలుగైదుసార్లు వచ్చాక ముందే పసిగట్టి తల్లి దగ్గరికి పరిగెడతారు, వాళ్ళకి సిగ్గు ఇంకా తెలియదు, భయమే అంటాడు. 2400 ఏళ్ళ కిందట ఎవరి పిల్లో ఎవరి ఒళ్ళోకో పరిగెత్తడం ఒకడు చూసి రాశాడు. నేను కొంగు మాట విన్నాను, ఆ తల్లి కళ్ళు తుడుచుకోవడం చూశాను. మధ్యలో ఉన్న కాలమంతా ఏమైందో నాకు అర్థం కాలేదు.

అదే మనిషి కారణం చెప్పబోయి తప్పాడు. కఫం మెదడులోంచి కిందికి జారి గాలి పోయే నాళాల్ని మూసేస్తుంది, అందుకే మూర్ఛ అన్నాడు. చూసింది సరైనది, చెప్పిన కారణం ఊహ. గ్రీకు వైద్యంలో మళ్ళీ మళ్ళీ కనిపించేది ఇదే. ఊహ ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఇంకో చిన్న గ్రంథం ఉంది, పెళ్ళికాని అమ్మాయిల జబ్బుల గురించి. ఈడొచ్చిన పిల్లలకి పీడకలలు, భయాలు, బావిలో దూకాలనే, ఉరిపోసుకోవాలనే ఆలోచనలు వస్తాయని రాసి, జోస్యులు చెప్పారని అర్తెమిస్ దేవతకి ఖరీదైన బట్టలు సమర్పించడం మోసపోవడమే అంటాడు. అంతవరకూ బాగుంది. తర్వాత తన వైద్యం చెబుతాడు: వెంటనే పెళ్ళి చేయండి, కడుపు పండితే నయమవుతుంది. రక్తం బయటికి పోయే దారి లేక గుండె చుట్టూ పేరుకుందని అతని సిద్ధాంతం. నా వార్డులో ఆ పదకొండేళ్ళ పిల్ల మంచం పక్కన కూర్చున్న నాయనమ్మ అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది: ‘ఈడొచ్చాక పెళ్ళి చేస్తే అదే పోద్ది లెండి’. ఆ మాట నమ్మి జబ్బు దాచి పెళ్ళిళ్ళు చేసి, అత్తారింట్లో మందు మింగడానికి భయపడి మానేసి, మళ్ళీ నా దగ్గరికే పడిపోతూ వచ్చిన ఆడపిల్లల్ని చాలామందిని చూశాను. గ్రీకులు చెప్పారనో, పెద్దలు చెప్పారనో ఏదీ తీసుకోకూడదని నేను గట్టిగా అనడానికి వాళ్ళే కారణం.

మీ త్రిదోషాల ప్రశ్నకి వస్తాను. రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు ద్రవాలు ఒంట్లో ఉంటాయి, అవి సరిపాళ్ళలో కలిసి ఉంటే ఆరోగ్యం, ఒకటి ఎక్కువైనా తక్కువైనా విడిపోయినా జబ్బు అని ‘మనిషి స్వభావం’ అనే గ్రంథం చెబుతుంది. అది హిపోక్రటీస్ అల్లుడు పాలిబస్ రాసిందని అరిస్టాటిల్ మాటను బట్టి అనుకుంటారు. అంతకన్నా ముందే క్రొటోన్ ఊరి ఆల్కమియాన్ ఒక అందమైన పోలిక చెప్పాడు: తడి, పొడి, వేడి, చల్లదనం, చేదు, తీపి లాంటి శక్తులన్నిటికీ ఒంట్లో సమాన హక్కులుంటే ఆరోగ్యం, వాటిలో ఒకటి రాజై కూర్చుంటే రోగం. ప్రజాపాలన పుడుతున్న కాలపు మనిషి ఒంటిని కూడా ఊరి సభలా చూశాడు. మన వాత పిత్త కఫాల్లో రక్తం లేదు, వాళ్ళ నాలుగింటిలో గాలి లేదు. ప్లేటో మాత్రం ఒకచోట గాలి, కఫం, పిత్తం అని మూడే లెక్కపెట్టాడు. పోలికలున్నాయి, తేడాలూ ఉన్నాయి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని గొడవపడటం వల్ల మీ నాన్నగారి షుగరు ఒక్క పాయింటు తగ్గదు కాబట్టి దాన్ని వదిలేస్తాను.

ఆ నాలుగు ద్రవాల సిద్ధాంతం నేరుగా నడిచి వచ్చిన దారి ఒకటి హైదరాబాదులో ఉంది. యునానీ అంటేనే గ్రీకుది, అయోనియా నుంచి వచ్చిన మాట. రెండో శతాబ్దంలో గేలెన్ అనే గ్రీకు వైద్యుడు అల్లిన వైద్యాన్ని అరబ్బు, పారశీక పండితులు తెచ్చుకున్నారు, వాళ్ళలో ఇబ్న్ సీనా అనే వైద్యుడు గ్రంథస్థం చేశాడు, అది ఢిల్లీ, దక్కను చేరింది. చార్మినార్ పక్కన నిజామియా ఆసుపత్రిలో హకీమ్‌గారు దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అంటే అవి ఆ నాలుగే. గేలెన్ మహా తెలివైనవాడు, గొప్ప పరిశీలకుడు. అయితే మనుషుల శవాలు కోసే వీల్లేక కోతుల్ని, పందుల్ని కోసి చూసి మనిషికి అన్వయించాడు. గుండె రెండు భాగాల మధ్య గోడలో కంటికి కనపడని రంధ్రాలున్నాయన్నాడు. 1543లో మనుషుల శవాలు కోసి చూసి రాసిన వెసేలియస్, 1628లో రక్తం ఒంట్లో ఎలా తిరుగుతుందో చూపిన హార్వే వచ్చేదాకా ఆ మాటను కదిలించినవాళ్ళు బహు తక్కువ. రక్తం ఎక్కువైందని తీసేయడం అంతకన్నా ఎక్కువ కాలం సాగింది. 1799 డిసెంబరులో గొంతు వాచి ఊపిరాడని జార్జ్ వాషింగ్టన్‌కి కొన్ని గంటల్లో నాలుగుసార్లు రక్తం తీశారు, ఆ రాత్రే పోయాడు. చివరికి పారిస్‌లో పియేర్ లూయీ న్యుమోనియా రోగుల్ని లెక్కపెట్టి, రక్తం తీయడం వల్ల అనుకున్న మేలు లేదని 1835లో పుస్తకం అచ్చేశాడు. బతికినవాళ్ళనీ పోయినవాళ్ళనీ ఇద్దరినీ రాసుకుంటే తేలింది అది. గ్రీకు సిద్ధాంతాన్ని పడగొట్టింది ఫిలిస్కస్ పక్కన కూర్చున్నవాడి పద్ధతే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన గ్రంథం ‘గాలులు, నీళ్ళు, చోట్లు’. కొత్త ఊరికి వెళ్ళిన వైద్యుడు మొదట ఏం చేయాలో చెబుతుంది: ఊరు ఏ దిక్కుకి ఉంది, గాలి ఎటునుంచి వస్తుంది, జనం తాగే నీళ్ళు మెత్తనివా గట్టివా, రాతిలోంచి వస్తున్నాయా బురదలోంచా, జనం బాగా తాగుతారా, ఎన్ని పూటలు తింటారు, ఒళ్ళు వంచి పనిచేస్తారా చూడాలి. నిలవ ఉన్న బురద నీళ్ళు తాగేవాళ్ళ ప్లీహం పెద్దదై బిగుసుకుపోతుంది, భుజాలు, మొహం చిక్కిపోతాయి అంటుంది. ఇది మలేరియా ఉన్న ఊరి చిత్రం. నీళ్ళకీ ప్లీహానికీ సంబంధం పట్టుకున్నారు. మధ్యలో ఉన్న దోమ మాత్రం వాళ్ళ కళ్ళముందే తిరిగినా పట్టుకోలేదు. అది దొరికింది మన సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20న, రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది, వీలైతే మీ నాన్నగారిని తీసుకెళ్ళి చూపించండి. ఒక సరైన పరిశీలనకి సరైన కారణం దొరకడానికి రెండువేల ఏళ్ళు పైనే పట్టింది.

‘ఏ నీళ్ళు తాగుతున్నారు’ అన్న ప్రశ్న మన దగ్గర ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు, అప్పటి నెల్లూరు జిల్లాలో, నడుములు వంగి బిగుసుకుపోయిన మనుషుల జబ్బు నీళ్ళలోని ఫ్లోరిన్ వల్లేనని 1937లో వైద్య పత్రికలో రాశారు. నల్గొండ సంగతి అందరికీ తెలుసు. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో కిడ్నీలు పాడవుతున్నవాళ్ళని చూడండి, కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, అక్కడ మందుచీటీ రాసి కూర్చునే డాక్టరు ఏం సాధించగలడు? నేను విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి: పేరు, వయసు అడిగాక ఊరేదని అడగండి, ఆ ఊళ్ళో నీళ్ళెక్కడివని అడగండి, పని ఏమిటని అడగండి. తర్వాతే స్టెతస్కోప్ తీయండి.

ఇప్పుడు తిండి సంగతి. డైట్ అనే మాట గ్రీకుల ‘దియైతా’ నుంచి వచ్చింది. వాళ్ళకి దాని అర్థం బతికే తీరు మొత్తం: తిండి, తాగుడు, నడక, వ్యాయామం, స్నానం, నిద్ర, సంసారం అన్నీ. దియైతా గురించిన పెద్ద గ్రంథంలో ఒక వాక్యం ఉంది. ఆ బొమ్మ కింద నిజంగా రాయాల్సింది అది: తిండి ఒక్కటే మనిషిని ఆరోగ్యంగా ఉంచలేదు, శ్రమ కూడా ఉండాలి, రెండూ ఒకదానికొకటి ఎదురైనవే అయినా కలిసి ఆరోగ్యాన్నిస్తాయి. రాత్రి భోజనమయ్యాక నడవమని కూడా ఆ గ్రంథం చాలాచోట్ల చెబుతుంది. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే పెరగబోయే షుగరు కొంత తగ్గుతుందని ఇప్పుడు యంత్రాలతో కొలిచి చెబుతున్నాం. ఇక్కడ వాళ్ళకీ మనకీ పేచీ లేదు. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాడు ఆ రచయిత: దొరికింది తిని, పనికోసం ఎండలో తిరిగి, ప్రయాణాలు చేసే మామూలు జనానికి ఇంత పద్ధతిగా బతకడం కుదరదు. వాళ్ళకి వేరే సలహాలు రాశాడు. కూలికెళ్ళే మనిషికి ఓట్సు, ఆలివ్ నూనె రాసిచ్చేవాళ్ళు ఆ పేజీ చదవాలి.

జ్వరాల్లో వాళ్ళు నమ్ముకున్నది బార్లీ జావ. చిక్కగా ఎప్పుడు ఇవ్వాలి, వడకట్టిన తేట ఎప్పుడు ఇవ్వాలి, అసలు ఎప్పుడు ఆపాలి అని దాని మీదే ఒక గ్రంథం నడుస్తుంది. మా అమ్మ జ్వరమొస్తే మొదటి రోజు గంజి తేట, మర్నాడు ఉప్పేసిన జావ, జ్వరం విడిచాక చారన్నం పెట్టేది. ఆ వరసలో ఉన్న తెలివి గ్రీకులకీ ఉండేది. అది రోగిని నిలబెట్టడానికి, జబ్బుని చంపడానికి కాదని ఇద్దరికీ తెలుసు.

డాక్టర్లు చదువైనప్పుడు చేసే హిపోక్రటీస్ ప్రమాణం గురించి అడగలేదు కానీ ఒక్క మాట. 2022లో జాతీయ వైద్య కమిషన్ దాని బదులు ఆయుర్వేద గ్రంథకర్త చరకుడి పేరున్న చరక శపథాన్ని సూచించినప్పుడు పాత ప్రమాణం పోతోందని చాలామంది బాధపడ్డారు. రోగి ఇంట్లో చూసినది, విన్నది బయట చెప్పను అనే మాట నిలబడితే, ఏ పేరుతో చేసినా నాకు అభ్యంతరం లేదు.

మీ నాన్నగారితో ఎలా మాట్లాడాలో చెబుతాను. ఆయన్ని కోప్పడకండి. తన ఒంటిని తనే చూసుకోవాలనుకున్నారు, ఆ కోరిక మంచిదే. ఎపిడెమిక్స్ మొదటి పుస్తకంలోనే ఉంది, వైద్యం అంటే జబ్బు, రోగి, వైద్యుడు ముగ్గురి వ్యవహారం, జబ్బుతో పోరాడేది వైద్యుడితో కలిసి రోగే అని. కాబట్టి డాక్టరుగారు మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించాక ఆయనకి ఒక నోటుపుస్తకం కొనివ్వండి. రోజూ తేదీ వేసి పరగడుపు షుగరు ఎంత, మూడుపూటలా ఏం తిన్నారు, ఎంతసేపు నడిచారు, రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేచారు, ఎన్ని గంటలు పడుకున్నారు రాయమనండి. పడుకోబోయే ముందు రెండు అరికాళ్ళూ అద్దంలో చూసుకుని పుండ్లు, పగుళ్ళు ఉంటే అదీ రాయమనండి. మాత్ర వేసుకోవడం మరిచిపోయిన రోజు మరిచిపోయానని రాయాలి, పండగనాడు అరిసెలు తింటే ఎన్ని తిన్నారో రాయాలి. బాగున్న రోజులు మాత్రమే రాస్తే ఆ పుస్తకం దేనికీ పనికిరాదని ముందే చెప్పండి. నెల తిరిగాక అది పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ అంకెలు నాకూ రాస్తే చూస్తాను.